అల్-జజరీ పంపు: ఇల్మ్, హునర్ కలిసిన చోటు

పంపు నీళ్లను లాగుతుందని అందరం అంటాం. అసలు ఏ పంపూ నీళ్లను లాగదు. గొట్టంలోని గాలిని తీసి ఖాళీ చేస్తుంది, అంతే. బయట నీటి మీద పడే హవా బరువే ఆ ఖాళీలోకి నీళ్లను నెడుతుంది. దానికీ ఓ హద్దుంది: సుమారు 10 మీటర్లు. అంతకన్నా పైకి పోవాలంటే కిందినుంచి తోయాల్సిందే.

పీల్చడం, తోయడం రెండూ చేసే యంత్రాన్ని బొమ్మలతో సహా వివరించిన ఉస్తాద్ ఇస్మాయిల్ అల్-జజరీ. నేటి తుర్కియేలోని దియార్‌బకర్‌లో అర్తుకీ పాలకుల కొలువులో ఉండేవాడు. 1206లో తన కితాబు ముగించాడు. అందులో నీళ్లు తోడే యంత్రాలు ఐదు. ఐదోది ఈ పంపు.

ఏటి ప్రవాహం చక్రాన్ని తిప్పుతుంది. ఆ తిరుగుడును ఓ కడ్డీ అటూ ఇటూ ఊగే కదలికగా మారుస్తుంది. ఎదురెదురుగా రెండు రాగి సిలిండర్లు. ఒకదాంట్లో పిస్టన్ వెనక్కి వచ్చి నీళ్లు పీలుస్తుంటే, రెండోదాంట్లో ముందుకెళ్లి నీళ్లను పైకి తోస్తుంది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి కవాటాలు. నీళ్లు వెనక్కి జారవు. పిస్టన్ పక్కలనుంచి కారకుండా జనపనార కూరాడు. సుమారు 20 మూరల ఎత్తుకు నీళ్లెక్కించే ఏర్పాటు అది.

పంపును మనోళ్లే కనిపెట్టారని చెప్పుకుంటే అది ఇన్సాఫ్ కాదు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలోనే ఇస్కందరియాలో క్తెసిబియోస్ రెండు సిలిండర్ల పంపు చేశాడు. కాకపోతే అది నీళ్లలోనే నిలబడాలి. పీల్చే గొట్టాన్ని, తిరిగే చక్రాన్ని ఒకే పంపుకు జోడించడమే జజరీ కమాల్. తర్వాత 1551 నాటి కితాబులో తఖీయుద్దీన్ ఆరు సిలిండర్ల పంపును వర్ణించాడు.

మన ఊళ్లలోని బోరింగుదీ ఇదే ఉసూల్. నీళ్లు లోతుగా ఉంటాయి గనుక, హవా బరువును నమ్ముకోకుండా సిలిండర్‌ను అడుగుకే దించుతారు. ఫ్యాక్టరీల్లోనూ తక్కువ నీళ్లను గట్టి ఒత్తిడితో పంపాలంటే పిస్టన్ పంపే. ఎక్కువ నీళ్లు కావాలంటే సెంట్రిఫ్యూగల్ పంపు: లోపలి రెక్కలు గిర్రున తిరిగి నీళ్లను అంచుకు విసురుతాయి, మధ్యలో ఒత్తిడి తగ్గి కొత్త నీళ్లు వస్తాయి. ఖాళీ మోటారు ఎంత తిరిగినా నీళ్లు రాకపోవడానికి కారణం, గాలి తేలిక కావడం. ఆ రెక్కలు గాలిని గట్టిగా విసరలేవు. అందుకే ముందు నీళ్లు పోసి ఆన్ చేస్తాం.

జజరీ కితాబు పేరులోనే ఇల్మ్, అమల్ రెండూ ఉన్నాయి. చదువును, చేతిపనిని కలిపే కితాబు అని దాని మతలబు. మన ఇళ్లలో మాత్రం ఈ రెంటికీ మధ్య గోడ కట్టేశాం. ఇంజినీరింగ్ చదివే పిల్లాడు షాన్, మోటార్ వైండింగ్ షాపులో శాగిర్ద్‌గా కూర్చున్నవాడు మజ్‌బూరీ. సీటు రానివాడు చేసే పనిగా హునర్‌ను చూస్తున్నాం. కానీ మోటారు విప్పి, అరిగిన వాషర్ చూసి, నీళ్లెందుకు ఎక్కట్లేదో చెప్పే మిస్త్రీ చేసేది జజరీ చేసిన పనే. అతనికి లేనిది లెక్కల తాలీమ్, కాలేజీ పిల్లాడికి లేనిది చేతి అలవాటు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగితే, ఆ ఉస్తాద్‌ను తలచుకోవడానికి అంతకు మించిన తరీఖా లేదు.