ఉప్పు సరస్సు గుల్లలు చెప్పే చరిత్ర

వానలు పడి మళ్లు నిండగానే నత్తలు పైకి వస్తాయి. వాటిని ఏరడం, ఉడకబెట్టి మాంసం తీయడం కొండ ఊళ్ల నుంచి చోడవరం వచ్చి చదువుకునే మన పిల్లలకు ఇంటి దగ్గరే వచ్చిన పని. కానీ "మీరు నత్తలు తింటారట కదా" అని ఎవరైనా నవ్వితే తల దించుకుంటారు. హాస్టల్లో మేము ఇది చాలాసార్లు చూశాం. నత్త వెనుక ఎంత చరిత్ర ఉందో తెలిస్తే ఆ తల దించుకోవాల్సిన పని లేదు. ఆ చరిత్ర కోసం మనం ఒకసారి రాష్ట్రం దక్షిణపు కొసకు, సూళ్లూరుపేట వైపు వెళ్లాలి.

అక్కడ పులికాట్ సరస్సు ఉంది. ప్రళయకావేరి అని దాని తెలుగు పేరు. మన దేశంలో చిల్కా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. వానకాలంలో కాళంగి, ఆరణి నదుల నీరు చేరి ఉప్పదనం తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు ఇగిరిపోయి కొన్నిచోట్ల సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. మన మళ్లలో నత్త అక్కడ బతకలేదు. ఆ బురదలో ఉండేది సన్నగా, కోసుగా, మెలి తిరిగిన కొమ్ములా కనిపించే చిన్న నత్త. శాస్త్రంలో దాని పేరు పిరెనెల్లా సింగులాటా. బురద మీది నాచు తిని బతుకుతుంది. కాలం కలిసిరానప్పుడు గుల్లలోకి ముడుచుకుని మూత వేసుకుంటుంది.

నత్త చనిపోయినా గుల్ల మిగులుతుంది. వేల ఏళ్లుగా నత్తగుల్లలు, ఆల్చిప్పలు అక్కడ పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఇప్పుడు నీరు లేనిచోట అలాంటి గుల్లలు దొరికితే, ఒకప్పుడు ఉప్పునీరు అక్కడిదాకా ఉండేదని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పగలుగుతారు. సరస్సు పక్కన పేద కుటుంబాలు ఆ గుల్లలనే తవ్వి, ఏరి సున్నపు బట్టీలకు అమ్మేవారు. కాల్చిన గుల్లల మీద నీళ్లు చల్లితే గుల్లసున్నం తయారవుతుంది. సిమెంటు రాకముందు గోడలు నిలబెట్టింది, ఇళ్లకు వెల్ల వేసింది సున్నమే. ఆ గుల్లలు ఏరిన చేతుల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవి యానాదుల నేల. 1835లో మద్రాసు ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అడవిలో తేనె, మందు వేర్లు సేకరించి ఇచ్చింది యానాదులే. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్, రోహిణి-125, ఎగిరింది. దాని కోసం యానాదులు ఊళ్లు వదలాల్సి వచ్చింది. రాకెట్ తేదీ మన పాఠాల్లో దొరుకుతుంది, ఖాళీ అయిన ఊళ్ల పేర్లు దొరకవు. వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో యానాదుల మీద పుస్తకం రాయబట్టి వారి గురించి కొంతైనా నిలిచింది.

మన గురించి మనమే రాసుకోవాలి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మమ్మనో తాతనో కూర్చోబెట్టి అడగండి: ఏ గెడ్డలో ఏ నత్త దొరికేది? దాన్ని మన భాషలో ఏమనేవారు? ఎలా వండేవారు? ఏ రోగానికి వాడేవారు? కరువు ఏడాదిలో అది ఎన్ని ఇళ్లను ఆదుకుంది? ఒక నోటు పుస్తకంలో రాసి, చెప్పినవారి పేరు, ఊరి పేరు కూడా కింద రాయండి. వచ్చే ఏడాది సంచికలో ఆ పేర్లు అచ్చు కావాలని మా కోరిక.