డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ: తేడా చిన్నదే.. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ పనిచేసేది అక్కడే!

దేవరాపల్లి (అనకాపల్లి జిల్లా): ఏ పల్లెలోనైనా గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర. దేవరాపల్లిలోనూ అంతే. ఐరన్ రక్తం పట్టడానికని అందరికీ తెలుసు. మరి ఫోలిక్ యాసిడ్ ఎందుకు? డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల మధ్య ఉన్న ఓ చిన్న కెమికల్ తేడాలోనే దీనికి జవాబు ఉంది.

తేడాలు ఇవే..

చక్కెర: ఆర్‌ఎన్‌ఏలో ఉండేది రైబోజ్. డీఎన్‌ఏలో డీఆక్సీరైబోజ్. అంటే ఒక ఆక్సిజన్ పరమాణువు తక్కువ. ఆర్‌ఎన్‌ఏలో అదనంగా ఉన్న ఆ ఆక్సిజన్ పక్కనున్న ఫాస్ఫేట్ బంధాన్ని తెంచగలదు. అందుకే ఆర్‌ఎన్‌ఏ త్వరగా ముక్కలైపోతుంది. డీఎన్‌ఏ మాత్రం పాత ఎముకల్లో వేల ఏళ్ల తర్వాత కూడా దొరుకుతోంది.

పోగులు: డీఎన్‌ఏ రెండు పోగుల మెలిక. ఆర్‌ఎన్‌ఏ సాధారణంగా ఒంటి పోగు.

క్షారాలు: అడెనిన్, గ్వానిన్, సైటోసిన్ రెండింట్లోనూ ఉంటాయి. నాలుగోది ఆర్‌ఎన్‌ఏలో యురాసిల్, డీఎన్‌ఏలో థైమిన్. యురాసిల్‌కు ఒక మిథైల్ గ్రూపు తగిలితే అదే థైమిన్!

మాత్ర పని ఇక్కడే..

ఆ మిథైల్‌కు కావాల్సిన కార్బన్‌ను మోసుకొచ్చేది ఫోలిక్ యాసిడే. అది తగ్గితే థైమిన్ తగ్గుతుంది, డీఎన్‌ఏ తయారీ కుంటుపడుతుంది. ఆర్‌ఎన్‌ఏ పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. దీంతో రక్తకణాలు సైజు పెరుగుతాయి కానీ సరిగా విడిపోవు. ఇదే పెద్ద కణాల రక్తహీనత. కడుపులో బిడ్డకు వెన్నుపాము లోపాల ముప్పు కూడా పెరుగుతుంది.

మన సుబ్బారావు ఘనత

ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ల్యాబ్‌లో తయారు చేసిన అమెరికా లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ తర్వాత ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. డీఎన్‌ఏ తయారీ ఆగితే క్యాన్సర్ కణాలు పెరగలేవన్నదే లాజిక్. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దీన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

గుర్తుంచుకోండి: బిడ్డ వెన్నుపాము నాళం గర్భం దాల్చిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి గర్భమని కూడా తెలియదు. అందుకే పిల్లల కోసం ప్లాన్ చేసుకునేటప్పుడే డాక్టర్ సలహాతో ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం మంచిది.