టెన్నిస్ ఎత్తుగడ: న్యూటను నుండి సానియా వరకు

1672లో న్యూటను కాంతిని గూర్చి వ్రాసిన లేఖలో, ఏటవాలుగా కొట్టిన టెన్నిస్ బంతి వంపు తిరిగి పోవుట తాను తరచు చూచితినని ఒక మాట గలదు. 1877లో రేలీ ప్రభువు ఆ వంపును గణితముతో పరిశీలించెను. తిరుగుచు పోవు బంతి తన వెనుకటి గాలిని ఒక ప్రక్కకు మళ్ళించును. ఆ గాలి బంతిని రెండవ ప్రక్కకు నెట్టును. పైభాగము ముందుకు తిరుగునట్లు కొట్టినచో బంతి త్వరగా క్రిందికి వంగును. కావున బలముగా కొట్టినను అది గీత లోపల పడును.

ఈ శాస్త్రము అందరికిని ఒక్కటే. కాని సింగిల్సులో ఎవరి ఎత్తుగడ వారి చేతిని బట్టి యుండవలెను. మద్రాసు ఆటగాడు రామనాథన్ కృష్ణన్ సర్వీసు మెత్తనిది. ఆయన బలమును గాక, బంతిని వేయు చోటును నమ్ముకొని 1960, 1961లలో వింబుల్డన్ సెమీఫైనలు చేరెను.

హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా దారి దీనికి పూర్తిగా ఎదురు. ఆమె ఫోర్‌హ్యాండు పిడుగు. రెండవ సర్వీసు బలహీనము. అందుచే ఆటను సాగనీయక, అవకాశము దొరకినంతనే ఫోర్‌హ్యాండుతో ముగింప జూచెడిది. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదు పోటీ ఫైనలులో అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యు.టి.ఏ. సింగిల్స్ బిరుదు పొందిన మొదటి భారతీయ మహిళ అయ్యెను. ఆ సెప్టెంబరులో అమెరికా ఓపెన్ నాల్గవ రౌండున షరపోవా చేతిలో 6-2, 6-1తో ఓడెను. సర్వీసు లోటును ఫోర్‌హ్యాండు ఎల్లవేళల కప్పజాలదు గదా!

బలముగా కొట్టువారు మూలకు మూలగా కొట్టుటకు కారణము కోర్టు కొలతలలోనే యున్నది. సింగిల్సు కోర్టు పొడవు 78 అడుగులు, వెడల్పు 27. కర్ణము సుమారు 82.5 అడుగులు, అనగా నాలుగున్నర అడుగులు అదనము. పైగా వల స్తంభముల కడ మూడున్నర అడుగులు, నడుమ మూడే. దుర్గి బడి మైదానములో సున్నముతో గీసి, పిథాగరసు సూత్రముతో విద్యార్థులు దీనిని సరిచూడవచ్చును.

2007లో సానియా సింగిల్సులో 27వ స్థానము చేరెను. ఆ దెబ్బల భారమంతయు మోయవలసినది మణికట్టు. 2008లో ఆమె కుడి మణికట్టుకు శస్త్రచికిత్స జరిగెను. 2013లో సింగిల్సు విడిచెను. డబుల్సులో కాపాడవలసినది సగము కోర్టు. వల కడ జతగత్తె యుండును. మార్టినా హింగిస్ జతగా, ఫోర్‌హ్యాండునకు అనువైన కుడి ప్రక్కన నిలిచి, 2015 ఏప్రిల్‌లో డబుల్సు ప్రపంచ ప్రథమస్థానమును, జూలైలో వింబుల్డన్‌ను గెలుచుకొనెను.