విల్లు ఎవరిది, అస్త్రం ఎవరిది?

దివ్యాస్త్రాల పేర్లు మన పిల్లలకు నోటికి వస్తాయి. టీవీ సీరియళ్లూ కార్టూన్లూ సినిమాలూ చూసి బ్రహ్మాస్త్రం, నాగాస్త్రం, వజ్రాయుధం, సుదర్శన చక్రం అని గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ఏ అస్త్రం ఏం చేస్తుందో కూడా చెబుతారు. దాన్ని ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఎవరు అడిగితే లేదన్నారు అని మాత్రం వాళ్లను ఎవరూ అడగరు. ఆదివాసీ ఉపాధ్యాయులుగా మనం అడగాల్సిన ప్రశ్నలు అవే. పల్నాటి గడ్డ మీద బతుకుతున్నవాళ్లం కాబట్టి, జవాబు వెతకడానికి మాకు పుస్తకాలతో పాటు కారంపూడి కూడా ఉంది.

అస్త్రం అంటే చదువే

శస్త్రం వేరు, అస్త్రం వేరు. చేత పట్టుకుని కొట్టేది, నరికేది శస్త్రం. కత్తి, గద అలాంటివి. విసిరేది అస్త్రం. ఇతిహాసాల్లోని దివ్యాస్త్రానికి ఇంకో లక్షణం ఉంది. దాని బలం ఇనుములో ఉండదు, మంత్రంలో ఉంటుంది. బాణాన్ని ఒక మంత్రంతో వదిలితే ఆగ్నేయాస్త్రమై మండుతుంది. ఇంకో మంత్రంతో వదిలితే వారుణాస్త్రమై నీళ్లు కురిపించి ఆ మంటను ఆర్పుతుంది. అశ్వత్థామ అయితే ఒక గడ్డిపరకనే అస్త్రంగా ప్రయోగించాడని మహాభారతం చెబుతుంది. దానికి ఎదురుగా అర్జునుడూ అస్త్రం వేశాడు. ఋషులు ఇద్దరినీ ఆపమన్నప్పుడు అర్జునుడు తనది వెనక్కి తీసుకున్నాడు. అశ్వత్థామకు ఆ పని చేతకాలేదు.

కాబట్టి దివ్యాస్త్రం అంటే ముందుగా ఒక విద్య. గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చేరేది. రామాయణం బాలకాండలో తాటకను చంపిన తర్వాత విశ్వామిత్రుడు రాముడికి అస్త్రాలు ఇచ్చాడు. పరశురాముడు ద్రోణుడికి ఇచ్చాడు. ద్రోణుడు అర్జునుడికి ఇచ్చాడు. చదువు ఎవరికి అందాలో గురువే తేల్చే కాలం అది. ఇచ్చిన కథలు మనకు బాగా తెలుసు. ఇవ్వని కథలను కూడా వాటి పక్కనే పెట్టి చదవాలి.

లేదన్న చోట

కర్ణుడు బ్రహ్మాస్త్రం నేర్పమని ముందు ద్రోణుణ్ణే అడిగాడు. వ్రతం పట్టిన బ్రాహ్మణుడికో, తపస్సు చేసిన క్షత్రియుడికో తప్ప అది దక్కదని ద్రోణుడు చెప్పాడు. కర్ణుడు బ్రాహ్మణుణ్ణని చెప్పుకుని పరశురాముడి దగ్గర నేర్చుకున్నాడు. నిజం బయటపడ్డాక, అవసరమైన వేళకు ఆ అస్త్రం గుర్తుకు రాదని శాపం పొందాడు. నేర్చుకున్న చదువును కూడా కులం పేరుతో వెనక్కి లాక్కున్న కథ ఇది.

ఏకలవ్యుడి కథ మనకు ఇంకా దగ్గరిది. అతను నిషాద రాజు హిరణ్యధనువు కొడుకు. నిషాదులను ఆ గ్రంథాలు అడవి పట్టున బతికే జనంగా చూపిస్తాయి. నిషాదుడని ద్రోణుడు అతన్ని శిష్యుడిగా తీసుకోలేదు. ఏకలవ్యుడు అడవిలో మట్టితో గురువు బొమ్మ చేసుకుని సాధన చేశాడు. మొరుగుతున్న కుక్క నోట్లోకి ఏడు బాణాలు కొట్టాడు. ఆ విద్య చూసి అర్జునుడు చిన్నబోయాడు. గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు అడిగితే ఏకలవ్యుడు కోసి ఇచ్చేశాడు.

ఈ కథను మన బడుల్లో గురుభక్తి పాఠంగా చెబుతూ వచ్చారు. ఏకలవ్యుడి భక్తిని మేము చిన్నచూపు చూడటం లేదు. పాఠం అక్కడే ఆగిపోవడమే మా అభ్యంతరం. ఏకలవ్యుడి దగ్గర ఏ దివ్యాస్త్రమూ లేదు. అతని దగ్గర ఉన్నది సాధన ఒక్కటే. దేవతలు ఇచ్చిన అస్త్రాలకు ఎదురు అస్త్రాలు ఉన్నాయి. సాధనకు ఎదురు అస్త్రం లేదు కాబట్టే వేలు అడగవలసి వచ్చింది. పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఇచ్చినవాడు కిరాతుడు

అదే మహాభారతంలో అరణ్యపర్వానికి వెళ్తే లెక్క తారుమారవుతుంది. అన్నిటికంటే గొప్పదని చెప్పే పాశుపతాస్త్రం కోసం అర్జునుడు కొండల్లో తపస్సు చేశాడు. మూకుడు అనే రాక్షసుడు అడవిపంది రూపంలో మీదికి వచ్చాడు. అర్జునుడు బాణం వేశాడు. అదే క్షణంలో ఒక కిరాతుడూ బాణం వేశాడు. పంది నాదంటే నాదని తగువు పడ్డారు. అర్జునుడి బాణాలన్నీ అయిపోయాయి. గాండీవం చేజారింది. చివరికి ముష్టియుద్ధంలోనూ ఓడిపోయాడు. ఆ వేటగాడే శివుడని అప్పుడు తెలిసింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, లోకంలోకెల్లా గొప్ప విలుకాడు అనిపించుకున్నవాణ్ణి ఓడించడానికి దేవుడు ఏ రాజు వేషమూ వేసుకోలేదు. కొండల్లో వేటాడి బతికే మనిషి వేషం వేసుకున్నాడు. అమ్మవారు కూడా అదే వేషంలో వెంట వచ్చింది. రెండు, అస్త్రం ఇస్తూ శివుడు ఒక హెచ్చరిక చేశాడు. తొందరపడి వేయకు, బలం తక్కువవాడి మీద వేస్తే లోకమే కాలిపోతుంది అన్నాడు. బలహీనుడి మీద ఎత్తకూడని ఆయుధమే అన్నిటికన్నా గొప్ప ఆయుధం అన్నమాట.

బెజవాడ ఇంద్రకీలాద్రే ఆ తపస్సు జరిగిన కొండ అని అక్కడివారి నమ్మకం. లేపాక్షి గుడి శిల్పాల్లో కూడా కిరాతుడూ అర్జునుడూ కనిపిస్తారు. అంటే గుడి గోడ మీద మన వేటగాడికి చోటు ఉంది. గురువు ముందు కూర్చోవడానికే ఏకలవ్యుడికి చోటు దొరకలేదు.

కారంపూడి కొణతాలు

కిరాతార్జునుల కథను తెలుగులో హరవిలాసంలో చెప్పినవాడు శ్రీనాథుడు. పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రాసిందీ ఆయనేనని ప్రసిద్ధి. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. పల్నాటి యుద్ధం 1182 ప్రాంతంలో జరిగిందని చెబుతారు. మా గురజాలలో నలగామరాజు, ఆయనకు మంత్రిణి నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్లు వలస పోయారు. గడువు తీరాక రాయబారానికి వచ్చిన అలరాజు హతుడయ్యాడు. ఆపైన కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున రణం జరిగింది.

పందెం, వలస, రాయబారం, యుద్ధం. ఇదంతా భారతం లాగే ఉంది. ఆయుధాల దగ్గర మాత్రం భారతం కంటే వేరు. ఈ కథలో బ్రహ్మనాయుడి ఆయుధం నృసింహకుంతం. మాల కన్నమదాసు ఆయుధం భైరవఖడ్గం. రెండింటికీ దేవుళ్ల పేర్లే. ద్రోణుడు గడప ఎక్కనివ్వని మనిషి లాంటివాడి చేతికి పల్నాటి కథ దేవుడి పేరున్న కత్తి ఇచ్చింది. కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్నాడనీ, సేనాపతిని చేశాడనీ, అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడనీ కథ చెబుతుంది.

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు. వీరాచారవంతులు ఊళ్ల నుంచి తమ ఇళ్లలో భద్రంగా దాచుకున్న కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, తీసుకువస్తారు. నాగులేటి నీళ్లలో స్నానం చేయించి పూజిస్తారు. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. వీరుల కథను పాడేవారు మాల సముదాయానికి చెందినవారు. వారిని 'విద్యావంతులు' అని పిలుస్తారు. ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ద్రోణుడి కాలంలో విద్య దక్కనివారి పక్కన నిలబడినవారికి పల్నాడు పెట్టిన పేరు అది. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా ప్రచురించిన పల్నాటి వీరుల కథ పుస్తకానికి ఆధారం అలాంటి గాయకుడి నోటి పాటే.

కన్నమదాసు మాలల వీరుడు. ఆయన్ని మన ఖాతాలో వేసుకోనక్కరలేదు. కానీ ఒక జాతి తన వీరుడి ఆయుధాన్ని ఇంట్లో దాచి, కడిగి, పాడి, ఇన్ని వందల ఏళ్లు నిలబెట్టుకుందంటే అది మనం నేర్చుకోవలసిన పని.

మన విల్లు నేరమైంది

మన విల్లుకు అలాంటి ఉత్సవం దొరకలేదు. చట్టం దొరికింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేసింది. ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులని రాసి, బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. 1878 ఆయుధాల చట్టం ఆయుధాలు అన్నవాటిలో తుపాకులతో పాటు కత్తులు, ఈటెలు, విల్లంబులు కూడా చేర్చింది. దేవుడి చేతిలో విల్లు పూజకు నోచుకున్న దేశంలోనే అడవి మనిషి చేతిలో విల్లు అనుమానానికి గురైంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి గాము గంటందొర లాంటి మన్యం వీరులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయింది కూడా ఈ చరిత్రలో భాగమే.

మన నల్లమల చెంచులకు విల్లు బతుకుతెరువు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఆగిపోయింది. అడవి జంతువులను కాపాడాలి, కాదనం. వేట పోయినా విల్లు గురించిన చదువు పోనక్కరలేదు. ఏ వెదురు నరకాలి, ఎప్పుడు నరకాలి, ఎంత వంచాలి, నారి దేనితో పేనాలి, అమ్ముకు ఇనుపమొన ఎలా బిగించాలి అనేదంతా ఒక విద్య. అది కూడా నోటి నుంచి చెవికి వచ్చిందే. పెద్దలు పోతే దానితో పాటే పోతుంది.

బడిలో ఏం చేయాలి?

ఈనాడు గిరిజన పిల్లల కోసం 1997-98 నుంచి కేంద్రం నడుపుతున్న గురుకులాలకు ఏకలవ్యుడి పేరు పెట్టారు. క్రీడల్లో మంచి శిక్షకుడికి ఇచ్చే అవార్డుకు ద్రోణుడి పేరు, మంచి క్రీడాకారుడికి ఇచ్చే దానికి అర్జునుడి పేరు ఉన్నాయి. రాజస్థాన్ ఆదివాసీ విలుకాడు లింబారామ్ 1991లో ఆ అర్జున అవార్డు అందుకున్నాడు. 1988, 1992, 1996లో మూడు ఒలింపిక్స్ ఆడాడు. ఒలింపిక్ విలువిద్యలో నారిని చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కలిపి లాగుతారు. బొటనవేలితో లాగరు. ఈ సంగతి చెబితే మన పిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో ఉపాధ్యాయ మిత్రులు చెప్పి చూడండి.

మహాభారత పాఠం వచ్చినప్పుడు ఏకలవ్యుణ్ణీ కర్ణుణ్ణీ కిరాతుణ్ణీ ఒకే రోజు, ఒకే పలక మీద చెప్పండి. ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు, ఎవరు లేదన్నారు అని మూడు గళ్లు గీసి పిల్లల చేత నింపించండి. కార్తీకంలో వీలైతే కారంపూడి తీసుకువెళ్లండి. ఏ ఆయుధం ఎవరి ఇంటి నుంచి వచ్చిందో, పాట ఎవరు పాడుతున్నారో వాళ్లనే అడిగి రాసుకోమనండి. యువకులకు మా విన్నపం ఇంకా చిన్నది. మీ గూడెంలో, మీ తండాలో విల్లు చేయడం తెలిసిన తాత ఇంకా ఉంటే ఈ నెలలోనే ఆయన దగ్గర కూర్చోండి. విల్లులో ఒక్కొక్క భాగానికి మీ భాషలో ఉన్న పేరు అడిగి, నోటుబుక్కులో రాసి, పక్కన బొమ్మ గీసి, కింద ఆయన పేరు పెట్టండి.