గుండ్లకమ్మ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా

సినిమావాళ్ళు క్రైస్తవ సభల్లో సాక్ష్యం చెప్పడం మనకు కొత్తేమీ కాదు. ‘ఘరానా మొగుడు’ నాయిక నగ్మా చెప్పారు. ‘ఆదిత్య 369’లో నటించిన మోహిని క్రైస్తవం స్వీకరించి, తన కుంగుబాటు రోజుల గురించి దాచుకోకుండా మాట్లాడారు. ‘ఆనంద్’ (2004) హీరో రాజా ఏకంగా పాస్టరయ్యారు. ఎవరి అనుభవం వారిది, అందులో వేలు పెట్టే హక్కు నాకు లేదు. అయితే ఇలాంటి సాక్ష్యాలకు ఈమధ్య ఒక స్క్రీన్‌ప్లే స్థిరపడింది. ఇంటర్వెల్ ముందు చీకటి, తర్వాత వెలుగు. చీకటికి కారణం ఎప్పుడూ చెప్పేవాళ్ళ పాపమే. తెలుగు నేల మీద ఈ కథ ఇలా మొదలవలేదు.

పాత కీర్తనల్లో పాపభారం లేదని కాదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కీర్తనల్లో మొరపెట్టుకునేది ఒంటరి మనిషి, బరువంతా అతని అపరాధానిదే. రామదాసు మొరలకు అలవాటుపడ్డ చెవులకు ఆ గొంతు పరాయిదిగా తోచలేదు. కానీ ఆ తర్వాత వేలమందిని కదిలించింది మరో బరువు.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ ఒంగోలు చేరాడు. మొదట్లో అగ్రకులాల వాళ్ళు కొందరు ఆసక్తి చూపారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. ఏం చెయ్యాలో తోచక క్లఫ్ ఒక గదిలో, భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. బలవంతులను సిగ్గుపరచడానికి దేవుడు లోకం నీచంగా చూసేవాళ్ళనే ఎంచుకున్నాడన్నది ఆ భాగం సారాంశం. యాదృచ్ఛికమే కావచ్చు. క్లఫ్ మాత్రం మాదిగలనే చేర్చుకున్నాడు, దాని పర్యవసానం చరిత్రకెక్కింది.

1876–78 కరువులో క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని కల్పించాడు. కూటికోసం మతం మారారనే మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒకసారికి ఇద్దరు బోధకులు నీళ్ళలో నిలబడేవారు. అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. ఒడ్డున పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే వచ్చారు. ఊరు చిన్నచూపుతో పిలిచిన పేర్లను వేలమంది ముందు గౌరవంగా చదవడం ఎంత పెద్ద విషయమో కులం రుచి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వాళ్ళు మోసిన సిగ్గు వాళ్ళు చేసిన తప్పువల్ల వచ్చింది కాదు, ఇతరులు నెత్తిన పెట్టింది.

నూరేళ్ళ తర్వాత, 1978 డిసెంబరులో ‘కరుణామయుడు’ వచ్చింది. దర్శకుడు భీంసింగ్ దాని విడుదల చూడకుండానే కన్నుమూశారు. క్రీస్తుగా విజయచందర్ నటించారు, మోదుకూరి జాన్సన్ కలం పట్టారు. థియేటర్లలో ఆడాక ఆ సినిమా ప్రొజెక్టర్లెక్కి పల్లెలు తిరిగింది, ‘దయాసాగర్’గా హిందీలోకీ వెళ్ళింది. రెండేళ్ళకు బాపు–రమణలు ‘రాజాధిరాజు’లో క్రీస్తును నేటి మనుషుల మధ్యకు తెచ్చి, ఎదురుగా సైతానుగా నూతన్‌ప్రసాద్‌ను నిలబెట్టారు. తెరమీద క్రీస్తు అన్ని కులాలవాళ్ళకూ దగ్గరయ్యాడు. ఆ మేరకు మాదిగపేటల అవమానం వెనక్కి వెళ్ళింది, జాలి ముందుకొచ్చింది.

పరిశ్రమ మద్రాసు వదిలి హైదరాబాదులో కుదురుకున్నాక సాక్ష్యాల కథ పూర్తిగా వ్యక్తిగతమైంది. జూబ్లీహిల్స్‌లో తారల మేడలు లేచాయి. కిందే ఉన్న కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు ఇరుకు గదుల్లో అవకాశం కోసం ఎదురుచూస్తూ బతుకుతున్నారు. 2018 ఏప్రిల్‌లో, అవకాశాల పేరుతో జరిగే లైంగిక దోపిడీని నిరసిస్తూ ఒక నటి ఫిల్మ్‌నగర్‌లోని ఫిలిం ఛాంబర్ ముందు అర్ధనగ్నంగా కూర్చుంది. కళాకారుల సంఘం మొదట ఆమెనే వెలివేసి, కొన్నాళ్ళకు వెనక్కి తగ్గింది. ఆ నిరసన పద్ధతి నచ్చకపోవచ్చు. సిగ్గుపడాల్సింది ఎవరన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

యోహాను సువార్త 8వ అధ్యాయంలో వ్యభిచారపు నేరం మోపి తెచ్చిన స్త్రీ కథలో వరస చూడండి. ముందు రాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకుంటారు. ఇక పాపం చేయవద్దని ఆమెకు చెప్పడం ఆ తర్వాతే. మన సాక్ష్యాల వేదికలు రెండో సగాన్నే ఉంచుకున్నాయి. చేసిన తప్పుకు క్షమాపణ దొరకాల్సిందే. చేయని తప్పుకు తలదించుకున్న మనిషిని పశ్చాత్తాపపడమనడం మాత్రం అన్యాయం. ఒంగోలు పేటల్లో తెలిసిన ఈ తేడాను ఫిల్మ్‌నగర్ దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాం.

తెలుగు సినీరంగంలో మహిళల పరిస్థితిపై తెలంగాణ ప్రభుత్వం 2019లో కమిటీ వేసింది. దాని నివేదికను బయటపెట్టమని 2024 ఆగస్టులో కూడా పరిశ్రమలోని మహిళలు అడగాల్సి వచ్చింది.