ఊకలోంచి వెలుగు

చెత్తను మండిస్తే కరెంటు వస్తుంది. అయితే ఏ చెత్తయినా పనికివస్తుందా?

1987లో ఢిల్లీలోని తిమార్పూర్‌లో ఒక కేంద్రాన్ని కట్టారు. డెన్మార్క్ పరిజ్ఞానంతో రోజుకు 300 టన్నుల నగర చెత్తను మండించి 3.75 మెగావాట్ల విద్యుత్తు తీయాలన్నది లక్ష్యం. కొద్ది వారాలకే అది మూతపడింది. ఢిల్లీ చెత్తలో తేమ, మట్టి ఎక్కువ. దానంతట అది మండేంత శక్తి అందులో లేదు.

ఇరవై ఏళ్ల తర్వాత బీహార్‌లో మరో ప్రయత్నం జరిగింది. పశ్చిమ చంపారన్ జిల్లాలోని తమ్‌కుహా గ్రామానికి అప్పటికి కరెంటు లేదు. వరి పండే ఆ ప్రాంతంలో వడ్లు ఆడించగా మిగిలే ఊకకు మాత్రం కొదవ లేదు. 2007 ఆగస్టు 15న జ్ఞానేశ్ పాండే, ఆయన మిత్రులు అక్కడ ఊకతో నడిచే చిన్న విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించారు. దాని సామర్థ్యం 30 కిలోవాట్లకు కాస్త పైన.

ఇది పనిచేసే తీరు చూడండి. ఊకను పూర్తిగా మండనివ్వరు. గాలి తక్కువగా అందితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువు వెలువడుతుంది. అందులోని తారును, బూడిదను తొలగించి ఇంజనుకు పంపితే జనరేటర్ తిరుగుతుంది. ఈ విద్య కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కొరతవల్ల మన రోడ్లపై తిరిగిన బొగ్గు బస్సులు నడిచింది ఇలాంటి వాయువుతోనే.

డెన్మార్క్ చెత్తకు తగిన యంత్రంలో ఢిల్లీ చెత్తను వేశారు. తమ్‌కుహాలో మాత్రం పొడిగా, ఒకే తీరుగా ఉండే ఊకకు తగిన యంత్రాన్ని ఎంచుకున్నారు. తర్వాత గిరాకీ పెరిగేసరికి ఊకకూ ధర పలికింది. ఆపై ఆ సంస్థ సౌరశక్తినీ జోడించుకుంది.

చెత్త గుణం తెలిసిన తర్వాతే యంత్రాన్ని ఎంచుకోవాలి. ఈ రెండు ఊళ్ల చరిత్ర చెప్పేది అదే.