పటం వెనక అంకె

పాత ఫొటోను బాగుచేయించడం అనగానే అందరం ముందువైపే చూస్తాం. నేను వెనకవైపు గురించి మొదలుపెడతాను. నాగిరెడ్డిపేటలో మా ఇంటి గోడకు ఎన్నో ఏండ్లు వేలాడిన ఒక పటం వెనక చెక్కను ఊడదీస్తే, ఫొటో అంటించిన అట్ట మీద ఉర్దూ అంకెల్లో 1352 అనీ, పక్కన ‘ఫే’ అక్షరమూ కనబడ్డాయి. స్టూడియో వాళ్ల రసీదు నంబరు కావచ్చునన్నారు ఇంట్లో. అది ఫస్లీ సంవత్సరం. నిజాం రాజ్యంలో దఫ్తర్లన్నీ ఆ లెక్క మీదే నడిచాయి. హైదరాబాద్ ఫస్లీ అజూర్ నెలతో, అంటే అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. అందుకని డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. అంటే 1942 అక్టోబర్‌కూ 1943 అక్టోబర్‌కూ మధ్య ఎప్పుడో దిగిన ఫొటో. ముందువైపు మాత్రమే స్కాన్ చేసి పంపే వాళ్లకు ఈ సంగతి ఎన్నటికీ తెలియదు.

ఫొటోలో మా తాత కుర్చీలో కూర్చున్నాడు. పక్కన నిలబడ్డది ఆయన మొదటి భార్య, చంకలో ఏడాది నిండని పిల్ల. ఆ పిల్లే మా పెద్ద మేనత్త. ఆమెకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. మా నాయిన రెండో ఆమె కొడుకు. ఆ తల్లి ముఖం ఎట్లుండేదో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఉన్నది ఈ ఒక్క పటం. అందులో సరిగ్గా ఆమె ముఖమే సగం పోయింది.

ఎందుకు పోయిందంటే, ఏదో వానాకాలం ఇల్లు ఉరిసింది. ఆనాటి ఫొటో కాగితం మీద వెండి రేణువులను పట్టి ఉంచేది జెలటిన్. అది తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, ఆరేటప్పుడు అద్దానికి కరుచుకుంటుంది. ఎవరో పటం తుడుద్దామని అద్దం లాగినట్టున్నారు, ఎడమ కన్నూ చెంపా దానితోపాటే లేచిపోయాయి. (అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకకూడదు. అద్దంతో సహా ఉంచి, రెండువైపుల నుంచి ఏటవాలుగా వెలుతురు పెట్టి కెమెరాతో తీసుకోవాలి.) మిగతా భాగమంతా పసుపుపచ్చగా మారింది. కడగడం సరిగ్గా లేక కాగితంలో మిగిలిపోయిన హైపో, కాలం గడిచేకొద్దీ వెండిని తినేస్తుంది. అంచుల్లో నీలంగా మెరిసే పొర కూడా వెండే, పైకి తేలి అద్దంలా మారింది.

ఈ పని నేను నెల రోజులు రాత్రిళ్లు చేసిన. కంప్యూటర్‌లో రంగు ఫొటో అంటే నిజానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఫొటోలు ఒకదాని మీద ఒకటి. పచ్చటి మరకలు ఎరుపు పొరలో దాదాపు కనబడవు. అదే, పాలిపోయి పచ్చబడిన బొమ్మ నీలం పొరలో కొంచెం గట్టిగా నిలబడుతుంది. మరకలున్న చోట ఎరుపునూ, వెలిసిన చోట నీలాన్నీ వాడుకోవాలి. కొత్తగా ఏదీ గీసే పని లేదు, ఉన్నదాన్ని బయటికి తేవడమే.

రంగులు వేయమని మా ఇంటి పిల్లలు ఒకటే గోల. తాత తలపాగా తెలుపే, సందేహం లేదు. ఆమె చీర దగ్గర ఆగిపోయిన. ఫోన్లో ఒక యాప్ దానికి ముదురు నీలం వేసింది, చూడటానికి బాగానే ఉంది. కానీ అప్పటి స్టూడియోల్లో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు ఎరుపును పట్టుకోవు. ఎర్రని చీరా, నుదుటి కుంకుమా వాటిలో నల్లగానే పడతాయి. నీలమేమో తేలిపోతుంది. ఆ లెక్కన ఆమె కట్టింది ఎర్రచీరే కావచ్చు, పెండ్లి చీరే కావచ్చు. కావచ్చు అన్నదాన్ని రంగుగా ఎట్లా పూయాలె? నలుపు తెలుపులోనే వదిలేసిన.

ముఖం సంగతి ఇంకా కష్టం. ముఖాలను బాగుచేసే జీఎఫ్‌పీగాన్ లాంటి ఏఐ పనిముట్లు 2021 నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. దానికి ముఖమంటే ఏమిటో నేర్పింది ఫ్లికర్ నుంచి తెచ్చిన 70,000 ఫొటోలతో. పోయిన కన్ను అడిగితే అది మా ఇంటి కన్ను వెతకదు, ఆ గుంపులోంచి సగటు కన్ను ఒకటి తయారుచేస్తుంది. మనకు వచ్చే ఆ నున్నటి చర్మం, ఆ సమానమైన కళ్లు ఎవరివీ కావు. మా వదిన కొడుకు అట్లా చేసిన ముఖాన్ని అత్తకు చూపెట్టిండు. అత్త చాలాసేపు చూసి, “గీమె మంచిగనే ఉన్నది బిడ్డా. గని గీమెనే మా అమ్మ అని ఎవలు చెప్పాలె?” అన్నది.

పాత స్టూడియోల్లో అంతా సత్యమే జరిగిందని నేననను. నెగెటివ్ మీద పెన్సిలుతో టచప్ చేసి ముడతలు పోగొట్టడం అప్పుడూ ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషామె చేతిలో పెట్టాడు. అక్కడ దిగిన గొప్పింటి స్త్రీలకు ఒక్కొక్కరికి ఎన్ని ఫొటోలున్నాయో. ఒకటి చెడితే ఇంకొకటి పక్కన పెట్టి సరిచూడొచ్చు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మా పల్లె ఆడమనిషికి జీవితంలో ఒక్క ఫొటో. సరిచూసుకోవడానికి రెండోది లేదు. అందుకే దాని మీద చేయి వేసేటప్పుడు ఎక్కువ భయపడాలి.

కుడికన్ను తిప్పి ఎడమవైపు అతికించమని ఒకరు సలహా ఇచ్చారు. చాలామంది చేసే పనే. కానీ ఆ ఫొటోలో వెలుతురు ఒక పక్క కిటికీ నుంచే వస్తుంది, ముక్కుకు ఒకవైపే నీడ. తిప్పి అతికిస్తే ఒకే ముఖానికి రెండు పక్కల పొద్దు పొడుస్తుంది. ఎడమ చెంప ఉన్న చోటును లేత బూడిదరంగుతో అట్లనే ఉంచిన.

నీలం పొరలో మాత్రం ఎవరమూ అనుకోనిది ఒకటి తేలింది. కింది భాగం పూర్తిగా వెలిసిపోయిందని అందరం వదిలేసుకున్నాం. అక్కడ పిల్ల పిడికిలి ఉంది, అందులో తల్లి కొంగు ఉంది. గట్టిగా పట్టుకున్నట్టు బట్ట ముడతలు కూడా కనిపించాయి.

అత్త ఆ ప్రింటు చేతికిచ్చినంక ముఖం దగ్గర కొంచెంసేపే ఆగింది. వేలు పెట్టి ఆ కొంగు దగ్గరే తడుముకుంటూ కూర్చుంది. పెద్దది వద్దు, మంచం పక్క గోడకు పట్టేంత చిన్న పటం చాలన్నది. వెనక అట్ట ఫొటో కూడా ప్రింటు తీసి దాని వీపుకే అంటించిన, 1352 కనబడేటట్టు.